మళ్ళీ ఆ వార్డుకే

డిసెంబరు ఆరో తేదీ, సెయింట్ నికోలా పండుగ. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బంగారుతీగ చేప. దాని కడుపు నిండా అక్రోట్లు, ఉల్లిపాయలు, బియ్యం కూరి, పైన పిండి పొర చుట్టి మా అత్తయ్య స్తోయ్‌నా పొయ్యిలో కాల్చింది. ఆవిడకి ఎనభై దాటాయి. గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి గానీ, చేప మీద పిండితో జడ అల్లేటప్పుడు మాత్రం వణకవు.

సగం చేప కూడా కాకముందే మా అల్లుడు కామెన్ లేచి లోపలికెళ్ళాడు. ఒక నీలం సంచీ తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కూర్చున్నాడు.

అత్తయ్య చేతిలో ఫోర్కు కింద పెట్టింది.

"ఏంటది?"

"ఆసుపత్రి సంచీ, అమ్మమ్మా. నిన్న డాక్టరు చెప్పింది కదా, సర్దేసి గుమ్మం దగ్గరే ఉంచుకోమని."

"ఏముంది అందులో?"

"నెవేనా నైటీలు, చెప్పులు, తువ్వాళ్ళు."

"ఇంకా?"

కామెన్ చేప ముళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాడు. సంచీ జిప్పు పూర్తిగా పడలేదు. సందులోంచి ఒక తెల్ల చొక్కా చేయి బయటికి కనిపిస్తోంది. నా బొటనవేలికి తొడిగితే సరిపోయేంత చేయి.

"తీసెయ్," అంది అత్తయ్య.

"అమ్మమ్మా..."

"తీసెయ్యమన్నానా! బిడ్డ ఏడుపు వినకముందు బిడ్డ గుడ్డ ఈ గుమ్మం దాటకూడదు. మీ ఇళ్ళల్లో ఎలాగో నాకు తెలీదు. ఈ కొండ మీద అంతే."

"మరి ఏం చెయ్యమంటావ్? పుట్టాక మంచులో గంటన్నర వెనక్కొచ్చి చొక్కా పట్టుకెళ్ళనా? అప్పటిదాకా వార్తాపత్రికలో చుట్టమంటావా?"

"చుడితే ఏం? మీ మామగారిని వాళ్ళమ్మ గుర్రం దుప్పటి ముక్కలో చుట్టింది. చచ్చాడా? ఎదురుగా కూర్చుని చేప తింటున్నాడు చూడు."

నేను తినడం ఆపాను. కామెన్ నవ్వాపుకోలేక నీళ్ళు తాగాడు. నా కూతురు నెవేనా మాత్రం నవ్వలేదు. ఆమె చేయి పొట్ట మీద ఉంది. ఐదో నెల నిండింది గానీ వదులు స్వెట్టరు వేసుకుంటే తెలియని వాళ్ళకి ఇంకా తెలియదు.

ఆ ముందురోజే పెద్ద స్కాన్ అయింది. మా ఊరి ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేసి చాలాకాలమైంది కాబట్టి కొండ దిగి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టర్ యొర్దానోవా బిడ్డ వేళ్ళు లెక్కపెట్టింది. గుండెలో నాలుగు గదులూ చూపించింది. అన్నీ బాగున్నాయంది. తర్వాత ఆ యంత్రాన్ని పొట్ట కిందికి జరిపి అక్కడే చాలాసేపు ఉండిపోయింది. మాయ కిందికి ఉందట. గర్భసంచీ నోటికి మూత పెట్టినట్టు అడ్డంగా ఉందట. నెలలు నిండేకొద్దీ పైకి జరగొచ్చు, జరక్కపోవచ్చు. జరక్కపోతే ఈసారీ ఆపరేషనే. బరువులెత్తకూడదు. ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆలోచించకుండా బయల్దేరి రావాలి.

ఆ ఒక్క చుక్క అన్న మాట చెప్పేటప్పుడు ఆవిడ నెవేనా చేయి పట్టుకుని చెప్పింది.

"కిందటిసారి ఏం చేశారో మర్చిపోయారా?" అంది అత్తయ్య. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తేనే మాకు భయం. "మంచం కొన్నారు. పసుపు రంగేశారు. కిటికీకి తెర కుట్టారు. వద్దు లిల్యానా అంటే అది నన్ను చూసి నవ్వింది. అమ్మా, నీ కాలం వేరు అంది. ఏమైంది?"

లిల్యానా నా భార్య, ఆవిడ కూతురు. రెండేళ్ళ కిందట ఏడో నెలలో నెవేనాకి ఆపరేషన్ చేసి బాబుని తీశారు. బాబు ఏడవలేదు. ఆ మరుసటి చలికాలం లిల్యానా కూడా వెళ్ళిపోయింది. అప్పట్నుంచి అత్తా అల్లుళ్ళం ఆవిడా నేనూ ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్నాం. పోయిన మనిషి గురించి మాట్లాడుకోకుండా ఒకరికొకరు టీ పోసుకోవడం నేర్చుకున్నాం.

"మంచం వల్ల పోలేదు బాబు," అన్నాడు కామెన్.

"దేనివల్ల పోయాడో నువ్వు చెప్పు మరి. డాక్టర్లకే తెలీదు."

అప్పుడు నెవేనా నోరు విప్పింది.

"అమ్మమ్మా, కిటికీ మీద ఆ ఎముకెందుకు ఆరబెట్టావు?"

అందరం అటు చూశాం. చేప తలలో ఉండే శిలువ ఆకారపు ఎముక. శుభ్రంగా కడిగి, కిటికీ గట్టు మీద కాగితం వేసి పెట్టి ఉంది. దిష్టి తగలకుండా దాన్ని పసిపిల్లల టోపీకి కుడతారు.

అత్తయ్య బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఎముక ఎముకే. టోపీ కాదు కదా."

"టోపీ లేనిదానికి ఎముకెందుకు?"

"ఏడాదికోసారి దొరికేది పారెయ్యమంటావా? నీ నోరు అచ్చం మీ అమ్మ నోరే."

ఆ మాటతో నెవేనా నవ్వింది. నవ్వి, కామెన్ పళ్ళెంలో మిగిలిన చేప ముక్క వైపు వేలు చూపించింది. "అది నాకివ్వు."

"ఇది నాది."

"కడుపుతో ఉన్నదానికి లేదంటే కంటికురుపు లేస్తుంది. కావాలంటే అమ్మమ్మనడుగు."

"రెండు కళ్ళకీ లేస్తుంది," అంది అత్తయ్య గంభీరంగా. కామెన్ పళ్ళెం అటు తోశాడు.

సంచీ సంగతి నెవేనాయే తేల్చింది. "కారు డిక్కీలో పెట్టు కామెన్. కారు ఇల్లు కాదు కదా, అమ్మమ్మా?"

అత్తయ్య కాసేపు ఆలోచించింది.

"చక్రాలున్నది ఇల్లెలా అవుతుంది," అంది చివరికి.

అలా ఆ పూట గండం గడిచింది. సంచీ డిక్కీలోకి వెళ్ళింది. డాక్టరు గుమ్మం దగ్గర ఉంచమన్న సంచీ, కారుతో పాటు రోజూ తెల్లవారి కొండ అవతల కామెన్ పనిచేసే పాలకేంద్రానికి వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం మొదలుపెట్టింది. అందులో ఉన్న తప్పు మాలో ఒక్కరికీ తట్టలేదు.

*

తర్వాతి గురువారం పొద్దున్నే మంచు పట్టింది. కామెన్ డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను రొట్టె కొనుక్కుని వచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. స్నానాలగది తలుపు సందులోంచి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

అత్తయ్య తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో ఉతుకుతోంది. ఎర్రబడిన వేళ్ళు. పైపులోంచి ఆవిరి రావడం లేదు.

నలభై ఏళ్ళుగా ఆవిణ్ణి చూస్తున్నాను. దుమ్ము గుడ్డకైనా నీళ్ళు మరగబెట్టందే చేయి పెట్టదు. చన్నీళ్ళతో ఉతికే మరక ఒక్కటే ఉంది.

"అత్తయ్యా, ఎవరిదది?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. నైటీని గుండెలకి అదుముకుంది. నీళ్ళు ముందుగుడ్డ మీదుగా కారిపోతున్నాయి.

"తలుపేసి వెళ్ళు, బాబూ."

"నెవేనాదా?"

"కాస్తంతే. ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"తెల్లవారుజామున."

"ఇదే మొదటిసారా?"

ఆవిడ పైపు కట్టేసి, తొట్టి అంచు పట్టుకుని మెల్లగా లేచింది. నేను చేయి అందించాను. ఆ చేయి మంచుగడ్డలా ఉంది.

"పండుగ మర్నాడు ఒకసారి," అంది.

"డాక్టరుకి చెప్పారా? కామెన్‌కి?"

"ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదు, మెతోది బాబూ. నోటితో అన్నావంటే దానికి దారి చూపించినట్టే. నేను ముగ్గుర్ని కన్నాను, ఏం జరిగినా నోరు విప్పలేదు. లిల్యానా కడుపులో ఉన్నప్పుడు ఇలాగే కనిపించింది. మా అత్త ఎర్ర దారం కట్టి, పడుకోమంది. ఎవరికీ చెప్పకంది. లిల్యానా పుట్టలేదా? నీకు పెళ్ళాం అవలేదా?"

"అత్తయ్యా..."

"తీపి రొట్టె చేసి దేవమాత పేరున మూడిళ్ళకి పంచాను. దారం కట్టాను. మంచం దిగనివ్వలేదు. ఇంకేం చెయ్యను చెప్పు? ఇంకేం చెయ్యను నేను?"

కోపంగా మొదలైన మాట చివరికొచ్చేసరికి అడుక్కుంటున్నట్టయింది. నేను తువ్వాలు తీసి ఆవిడ చేతులు తుడిచాను. కోప్పడాలనే అనుకున్నాను. ఆ వేళ్ళు చూశాక నోరు రాలేదు.

*

నెవేనా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి బయట ఉన్న మణికట్టుకి ఎర్ర దారం. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అమ్మమ్మని తిట్టకు," అంది, ఇటు తిరక్కుండానే. "నేనే చెప్పొద్దన్నాను."

"అమ్మమ్మేమో తానే చెప్పొద్దన్నానంటోంది."

"ఇద్దరం అన్నాం. ఆవిడ కారణం ఆవిడది, నా కారణం నాది."

"నీదేంటి తల్లీ?"

కిటికీ అవతల పక్కింటాయన పారతో దారి తీస్తున్న చప్పుడు. మా వాకిలి దాకా వచ్చి ఆగకుండా అదీ తీస్తున్నాడు. అడగకుండానే.

"చెప్తే అక్కడ పడుకోబెడతారు, నాన్నా. మళ్ళీ ఆ వార్డులోనే."

"అవును."

"నీకు ఆ గది గుర్తుందా? వసారా చివర. పక్క గదిలో బాలింతలు. రాత్రంతా పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు కష్టంగా ఉంది. "మూడో రోజు నాకు పాలు పడ్డాయి. పడతాయని ఎవరూ చెప్పలేదు. బాబు లేడని ఒంటికి తెలీదు కదా. పక్క గదిలో పిల్లాడు ఏడ్చినప్పుడల్లా నా నైటీ తడిసేది. పాలు ఆగాలని అమ్మ క్యాబేజీ ఆకులు తెచ్చి కట్టింది. కడుతూ ఏడుస్తోంది. నేను ఏడవలేదు. అమ్మ ఏడుస్తోంది కదా, ఇద్దరం ఏడిస్తే ఎలా అనుకున్నాను."

ఈ సంగతి నాకు తెలియదు. లిల్యానా నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంకా నాలుగు నెలలు, నాన్నా. నాలుగు నెలలు ఆ గోడలు చూస్తూ పడుకోలేను. ఇక్కడే కదలకుండా ఉంటాను. నీళ్ళకి కూడా లేవను."

"నీకు ఈ బిడ్డ కావాలా?" అనబోయాను. ఎంత క్రూరమైన మాటో నాలుక చివర ఉండగానే తెలిసింది. మింగేశాను.

"నీళ్ళు తాగుతావా?" అన్నాను.

"ఊఁ."

తాగించాను. ఆమె ఇటు తిరిగింది. ముఖంలో రంగు లేదు. తాగుతూ తాగుతూ ఆగిపోయింది. గ్లాసు నా చేతికిచ్చి, పొట్ట మీద ఒకచోట చేయి ఆనించింది.

"తంతోందా?"

"లోపల చిన్న చేప తిరిగినట్టుంది. నిన్నట్నుంచీ ఎక్కువైంది. నన్ను లేపుతోంది, నాన్నా."

"డాక్టరుకి ఫోన్ చేస్తాను. వద్దంటే చెప్పు, చెయ్యను."

ఆమె కళ్ళు మూసుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను. పక్కింటాయన పార చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి అత్తయ్య పొయ్యిలోకి కట్టె తోసిన చప్పుడు వినిపించింది.

"కాసేపాగు," అంది నెవేనా.

ఆగాను.

"ఇప్పుడు చెయ్యి."

*

అంబులెన్సు ఇంకో ఊరికి వెళ్ళిందన్నారు. కామెన్‌కి ఫోన్ చేశాను. ఏమైందని కూడా అడగలేదు. "వస్తున్నా" అన్నాడు. కారు మా దగ్గరుంటే అప్పటికే సగం దూరం దిగి ఉండేవాళ్ళం. అతను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

అత్తయ్య నల్ల కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెక్కడికి అమ్మమ్మా?" అన్నాడు కామెన్.

"నేనూ వస్తున్నా."

"దారి బాలేదు. నీకు కష్టం."

"నాకు కష్టమో సుఖమో నేను చూసుకుంటా. తలుపు తియ్యి."

ఊరి చివర మలుపు దగ్గర మంచు తీసే బండి కనిపించింది. డ్రైవరు మా కారులో వెనక సీటులో అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న నెవేనాని చూశాడు. ఏమీ అడగలేదు. బండి ముందుకి తిప్పి, లోయ దాకా మా ముందే నడిపాడు. కింద రోడ్డు కలిసేచోట హారన్ కొట్టి వెనక్కి తిరిగాడు. ఆయన ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు.

దారిలో కామెన్ ఒక్కసారి మాత్రం అద్దంలోంచి చూసి అడిగాడు. "ఎప్పుడు మొదలైంది, నెవీ?"

"పొద్దున," అంది నెవేనా.

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో మొదట గుండె చప్పుడు వెతికారు. నర్సు రుమ్యానా నెవేనా పొట్ట మీద గుండె చప్పుడు వినే గొట్టం అటూ ఇటూ జరుపుతుంటే యంత్రంలోంచి ఒట్టి గాలి హోరు వస్తోంది. నేను తలుపు బయట నిలబడి ఆ హోరు విన్నాను. రెండేళ్ళ కిందటా ఇలాగే బయట నిలబడ్డాను. అప్పుడు హోరు హోరుగానే ఉండిపోయింది.

హఠాత్తుగా గుర్రప్పిల్ల పరుగెత్తినట్టు టకటకమని వినిపించింది.

"ఇదిగో, దాక్కుంది దొంగ," అంది రుమ్యానా. లోపల నెవేనా గట్టిగా ఏడ్చింది. ఈ రెండేళ్ళలో ఆమె గొంతెత్తి ఏడవడం నేను వినడం అదే.

కామెన్ డిక్కీలోంచి సంచీ తెచ్చాడు. రుమ్యానా అందులోంచి నైటీ, చెప్పులు తీసుకుని, చిన్న చొక్కాలని మాత్రం మాట్లాడకుండా అడుగున సర్దేసింది. నెవేనాని చక్రాల మంచం మీద వసారా వెంట తీసుకెళ్తుంటే మేం వెనక నడిచాం. చివరి గది దగ్గరికి రాకముందే రుమ్యానా మంచాన్ని ఎడమ వైపు తిప్పింది. మెట్ల పక్కన చిన్న గది. రెండు మంచాలు, ఒకటి ఖాళీ.

"ఇక్కడ కాస్త చలి," అంది రుమ్యానా. "కానీ చప్పుడు ఉండదు."

ఆవిడకి కిందటిసారి గుర్తుంది. ఇన్ని కాన్పులు చూసిన మనిషికి అది గుర్తుంది.

*

కామెన్ వసారాలో బల్ల మీద కూలబడి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "పొద్దున కనిపించింది, వెంటనే ఫోన్ చేశారు. అదే మేలు. ఆలస్యం చెయ్యలేదు," అన్నాడు నాతో.

అత్తయ్య వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఆలస్యం చేశాం, కామెన్. పండుగ మర్నాడే కనిపించింది. నేను దాచాను."

కామెన్ తలెత్తాడు.

"ఏం దాచావు?"

"రక్తం. నెవేనా చెప్తానంది, నేనే వద్దన్నాను."

అది అబద్ధం. మనవరాలు ఆవిణ్ణి కాపాడబోయింది. ఆవిడ మనవరాల్ని కాపాడుతోంది. నేను నోరు తెరవబోతే అత్తయ్య నావైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

"వారం రోజులు," అన్నాడు కామెన్. అరవలేదు. "వారం రోజులు నేను దాని పక్కనే పడుకున్నాను. పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్ళి జోకులేసుకున్నాను. ఇంట్లో నా పెళ్ళాం రక్తం పోగొట్టుకుంటుంటే నువ్వు దారాలు కడుతున్నావా?"

"అవును."

"బిడ్డ గుడ్డ గుమ్మం దాటకూడదు. బిడ్డ ప్రాణం మాత్రం దాటొచ్చు. అంతేనా?"

"కామెన్," అన్నాను.

"మీరాగండి మామయ్యా. ఆ మూఢనమ్మకాలకి మీరూ తలూపుతారు. ఇది దక్కకపోతే ఆవిడున్న ఇంట్లో నేను అడుగు పెట్టను. చెప్తున్నా."

అత్తయ్య తలూపింది. శిక్ష సరిగ్గానే ఉందన్నట్టు ఊపింది. పక్క బల్ల మీద కూర్చుని, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకుని, మళ్ళీ పెట్టుకుంది.

డాక్టర్ యొర్దానోవా వచ్చేసరికి బయట చీకటి పడింది. రక్తం ఆగిందంది. బిడ్డ బాగుందంది. ఇకనుంచి నెవేనా ఇక్కడే ఉండాలంది.

"ముందే తెచ్చి ఉంటే?" అన్నాడు కామెన్, అత్తయ్య వైపు చూడకుండా.

"మాయ ఉన్నచోటే ఉండేది. ముందు తెచ్చినా వెనక తెచ్చినా అది మారదు. కానీ ఇంకోసారి ఇలా చెయ్యకండి. ఇంకోసారి ఇంత టైము ఇవ్వదది." ఆవిడ ఒక్క క్షణం ఆగి, గది తలుపు వైపు చూసింది. అది ఓరగా తెరిచే ఉంది. గొంతు తగ్గించింది. "ఇంకో విషయం ఉంది. కిందటిసారి ఆపరేషన్ మచ్చ ఉంది కదా. మాయ సరిగ్గా దాని మీదే పడింది. మచ్చలోకి పాకిందేమోనని నా అనుమానం. అనుమానమే. రేపు పొద్దున నగరం నుంచి దీనిలో ఆరితేరినాయన ఒకరు వచ్చి చూస్తారు."

"పాకితే?" అన్నాను.

"బిడ్డని తీశాక మాయ ఊడి రాదు. రక్తం ఆగదు. తల్లిని కాపాడాలంటే గర్భసంచీ కూడా తీసెయ్యాలి."

కామెన్ అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యేదాకా ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

"అంటే ఇంక ఇదొక్కటే," అన్నాడు.

"అవును. పాకి ఉంటే ఇదే ఆఖరు. ఇందాక ఆమె నన్ను 'ఇంకేమైనా ఉందా' అని అడిగింది. రేపు చూసి చెప్తానన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఆయన రాకముందే, ఈ రాత్రి తనవాళ్ళెవరైనా పక్కన కూర్చుని చెప్తే మంచిది. నేను చెప్పాలంటే పిలవండి, వస్తాను. కానీ ఆమెకి తెలియాలి."

ఆవిడ వెళ్ళిపోయింది. వసారాలో ఎక్కడో దూరంగా ఒక పసిగొంతు గుక్కపట్టింది. ఈ మూలకి సన్నగానే వినిపిస్తోంది.

"ఈ రాత్రికి వద్దు," అన్నాడు కామెన్.

నేను అతని వైపు చూశాను.

"ఈ రాత్రి ఎందుకు, మామయ్యా? నిద్రపోనివ్వండి. రేపూ వద్దు. అసలు ఆపరేషన్ అయ్యేదాకా ఎందుకు చెప్పాలి? తెలిసి ఏం చేస్తుంది? నాలుగు నెలలు అదే తలుచుకుంటూ పడుకోవడం తప్ప? డాక్టరుతో నేను మాట్లాడతాను. మనం ఎవరం నోరెత్తకపోతే..."

మాట మధ్యలో ఆగిపోయింది. తన మాట తనకే వినిపించింది కాబోలు.

అత్తయ్య నేల వైపు చూస్తూ అంది.

"నేనూ అదే అనుకున్నాను, బాబూ."

కామెన్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. అత్తయ్య చేయి చాచబోయి, మళ్ళీ తన ఒళ్ళో పెట్టుకుంది. ఎవరి మాట సరైనదో నాకు తెలియలేదు. లిల్యానా ఉంటే నేరుగా లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుని చెప్పేసేది. ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళేమో. నేను లేవాలి అనుకున్నాను. తండ్రిని నేనే కదా. బల్ల మీదే కూర్చుండిపోయాను.

రుమ్యానా మందుల పళ్ళెంతో వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళే వేళయిందంది. మా ముగ్గుర్నీ చూసి, ఏదో గ్రహించినట్టు ఆగింది. "లోపల రెండో మంచం ఖాళీనే. ఒక్కరు ఉండిపోతే నేనేం చూడలేదు," అని వెళ్ళిపోయింది.

అప్పుడే తలుపు సందులోంచి నెవేనా గొంతు వచ్చింది.

"నాన్నా? కామెన్? అక్కడే ఉన్నారా?"

మేం ఒకరినొకరు చూసుకోలేదు.

"డాక్టరు ఇంకేమంది? ఎవరైనా రండి."

కామెన్ సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. రెండు అరచేతులూ కళ్ళకి అదుముకున్నాడు.

అత్తయ్య లేచింది. గోడ పట్టుకుని, మంచు బూట్లు ఒకదాని తర్వాత ఒకటి విడిచి, ఉన్ని మేజోళ్ళతోనే నడిచింది.

"వస్తున్నా తల్లీ," అంది.

గడపలో ఆగి వెనక్కి చూసింది. ముందు కామెన్‌ని, తర్వాత నన్ను. చెప్పమంటారా అని ఆ కళ్ళు అడగలేదు. చెప్పనని మాటా ఇవ్వలేదు. మేమిద్దరం ఆవిణ్ణి ఆపలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.